మోకాలి కీలు మార్పిడి తర్వాత ఫిజియోథెరపీని వీడియో ద్వారా చేయించుకోవడం

కలువ

మా అమ్మకు ఇటీవలే కుడి మోకాలికి పూర్తి కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. వాకర్ సాయంతో గదిలోనే నడుస్తున్నారు; కుట్లు ఇంకా తీయలేదు. కారులో కాలు వంచి కూర్చున్నంతసేపూ నొప్పి, దిగిన తర్వాత వాపు, ఇక ఆ రోజుకు వ్యాయామం మాటే ఎత్తలేనంత అలసట. ఇవన్నీ చూసి, ఫిజియోథెరపీని వీడియో ద్వారా చేయిస్తామని ఆసుపత్రివారే అన్నారు. వారంలో కొన్ని రోజులు ఫిజియోథెరపిస్టు ఫోనులో ఎదురుగా ఉండి వ్యాయామాలు చేయిస్తారట. మిగిలిన రోజుల్లో ఒక యాప్ వేళకు గుర్తుచేసి, ఏది ఎన్నిసార్లు చేశారో, నొప్పి ఎంత ఉందో నమోదు చేసుకుంటుందట. అమ్మకు ఇందులో అభ్యంతరమేమీ లేదు. నాకే మనసొప్పడం లేదు. కీలు మీద చేయి వేసి చూడకుండా అది ఎంతవరకు వంగుతోందో, ఎక్కడ పట్టేస్తోందో తెర మీద ఎలా తెలుస్తుంది? ఇది ప్రయాణం తప్పించుకోవడానికి చేసుకునే సర్దుబాటేనా, లేక నేరుగా చేయించుకునేదానికి నిజంగా సాటి వస్తుందా? ఈ పద్ధతిలో కోలుకున్నవారు, చేయించేవారు ఎవరైనా ఉంటే చెప్పగలరు.

సందేహి

కలువ గారూ, మీ రెండో ప్రశ్నకు పరిశోధనలు చాలావరకు సూటిగానే జవాబిచ్చాయి కనుక అక్కడి నుంచి మొదలుపెడతాను. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 65 మందితో చేసిన ప్రయోగం 2011లోనూ, కెనడాలోని క్యుబెక్‌లో 205 మందితో చేసినది 2015లోనూ, అమెరికాలో 306 మందితో ‘వెరిటాస్’ పేరిట చేసినది 2020లోనూ ప్రచురితమయ్యాయి. మూడింటిలోనూ రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు దూరం నుంచి, మరొక జట్టుకు మామూలు పద్ధతిలో చికిత్స చేయించారు. నడక, నొప్పి, రోజువారీ పనులు చేసుకోగలగడం వంటి ముఖ్యమైన కొలతల్లో దూరం నుంచి చేయించినది మామూలు చికిత్సకు తీసిపోలేదని మూడూ తేల్చాయి. తీసిపోలేదు అన్నారే తప్ప అంతకంటే మేలైనదని ఎవరూ అనలేదన్నది గమనించండి.

అయితే ఈ మూడూ ఒకే రకం చికిత్సను పరీక్షించలేదు. క్యుబెక్‌లో రెండు జట్లకూ రెండు నెలల్లో 16 సెషన్లు సమానంగా ఇచ్చారు; ఒక జట్టుకు ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చారు, మరొక జట్టుకు అదే పనిని వీడియోలో చేయించారు. అంటే అక్కడ మారినది మాధ్యమం మాత్రమే. వెరిటాస్‌లో అలా కాదు. అక్కడ తెర మీద ఒక బొమ్మ వ్యాయామం చేసి చూపుతుంది, లోతును కూడా పసిగట్టే కెమెరా రోగి కదలికలను కొలుస్తుంది, ఫిజియోథెరపిస్టు ఆ లెక్కలను పరిశీలించి వారానికొకసారి వీడియోలో మాట్లాడతారు. ఆ ప్రయోగంలో తిరిగి ఆసుపత్రిలో చేరవలసి రావడం దూరచికిత్స జట్టులో 12 సార్లు, మామూలు జట్టులో 30 సార్లు జరిగింది. పడిపోవడం మాత్రం దూరచికిత్స జట్టులో 19.4 శాతం మందికి, మామూలు జట్టులో 14.6 శాతం మందికి జరిగింది. ఆ తేడాను కాకతాళీయమని కొట్టిపారేయవచ్చునేమో గాని, ఇంట్లో ముసలివారు ఒంటరిగా వ్యాయామం చేస్తున్నప్పుడు నేనైతే దాన్ని మనసులో పెట్టుకుంటాను.

కాబట్టి ‘వీడియో చికిత్స పనిచేస్తుందా’ అని అడగడం కంటే, మీ ఆసుపత్రివారు చేయించబోయేది ఈ రెండు రకాల్లో ఏదో ముందు అడిగి తెలుసుకోండి.

చలనం

నేను ఫిజియోథెరపిస్టును, నేరుగానూ, వీడియోలోనూ చేయిస్తుంటాను. చేయి వేయకుండా ఎలా తెలుస్తుందని కలువ గారు అడిగినది న్యాయమైన ప్రశ్న. కొన్ని విషయాలు తెలియవు. కాలును వంచుతూ పోతే చివర్లో అది స్ప్రింగులా కాస్త లొంగుతూ ఆగుతోందా, లేక గోడకు తగిలినట్టు ఒక్కసారిగా ఆగిపోతోందా అన్నది చేతికే తెలుస్తుంది. కీలులో నీరు ఎంత ఉంది, చర్మం ఎంత వెచ్చగా ఉంది, చిప్ప పక్కలకు కదులుతోందా, కండరం ఎంత బలంతో ఎదురు తోస్తోంది, ఇవన్నీ కూడా అంతే. అందుకే మొదటి పరీక్ష నేరుగా జరగాలని, కుట్లు తీసే రోజున వైద్యశాలకు ఎలాగూ వెళతారు కనుక అప్పుడు మరొకసారి చేతితో చూడాలని నేను పట్టుబడతాను.

ఇక మొదటి వారాల్లో అసలు చూడవలసినదేమిటో చెబుతాను, ఎందుకంటే అందరి దృష్టీ వంపు మీదే ఉంటుంది. ఎన్ని డిగ్రీలు వంగింది, 90 దాటిందా అనే అడుగుతారు. వంపు ముఖ్యమే: సమతలం మీద నడవడానికి సుమారు 65 డిగ్రీలు చాలు గాని, మెట్లెక్కడానికి 85 నుంచి 100 వరకు, మామూలు కుర్చీలోంచి లేవడానికి 90 నుంచి 105 వరకు కావాలి. కాని వంపు నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. కాలు పూర్తిగా చాపుకోగలగడం, అంటే సున్నా డిగ్రీలకు రావడం, మొదటి వారాల్లో సాధించకపోతే తర్వాత తెచ్చుకోవడం చాలా కష్టం. ఐదు, పది డిగ్రీలు వంగిపోయి బిగుసుకున్న మోకాలితో నడిచే మనిషి ప్రతి అడుగులోనూ తొడ కండరాన్ని బిగపట్టి నడవాలి, త్వరగా అలసిపోతారు, నడకలో కుంటు మిగిలిపోతుంది. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టుకొని పడుకునే అలవాటు దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి. పెట్టదలిస్తే మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలిని గాలిలో దానంతటది కిందకు దిగనివ్వాలి.

దీన్ని వీడియోలో ఎలా చూస్తానంటే, రోగిని గట్టి పరుపు మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి, మోకాలి వెనక ఒక కాగితం పెట్టిస్తాను. తొడ కండరాన్ని బిగించి మోకాలిని కిందకు నొక్కమని చెప్పి, ఇంట్లోవారిని ఆ కాగితం మెల్లగా లాగమంటాను. కాగితం జారి వచ్చేస్తే మోకాలు పరుపును తాకడం లేదు, లేదా కండరం ఇంకా మేల్కోలేదు. గట్టిగా పట్టుకుంటే ఆ రోజుకు తృప్తి. రెండో కాలితో కూడా చేయించి పోల్చి చూస్తాను, ఎందుకంటే ఆ మనిషికి సహజమైన చాపు ఎంతో చెప్పేది ఆ కాలే.

తొడ కండరం గురించి ఒక మాట. శస్త్రచికిత్స అయిన నెలకు ఆ కండరం బలం ముందున్నదానిలో సుమారు 60 శాతం మేర తగ్గిపోతుందని కొలిచి చూశారు. కండరం సన్నబడటం ఒక్కటే దీనికి కారణం కాదు. వాపు, నొప్పి ఉన్న కీలు నుంచి వెళ్లే సంకేతాల వల్ల నాడీవ్యవస్థే ఆ కండరాన్ని పూర్తిగా బిగించనివ్వదు. ‘ఎంత ప్రయత్నించినా కాలు లేవడం లేదు’ అని రోగి అంటే అది బద్ధకం కాదని ఇంట్లోవారు గ్రహించాలి.

ఒకటోమెట్టు

రోగి వైపు నుంచి చెబుతాను. నాకు ఎడమ మోకాలు మార్చారు, ఎక్కువ భాగం చికిత్స వీడియోలోనే జరిగింది, ఇప్పుడు ఆసరా లేకుండా మెట్లెక్కుతున్నాను.

నాకు బాగా ఉపయోగపడినది, ముందుగా నేను ఊహించనిది, మా ఫిజియోథెరపిస్టు వీడియోలో నా ఇంటిని చూడటం. ఫోను పట్టుకొని మంచం నుంచి స్నానాలగది వరకు నడిచి చూపమన్నారు. దారిలో కాలికి తగిలే చాప, స్నానాలగది గడప ఎత్తు, నేను కూర్చునే సోఫా ఎంత కిందకు కుంగుతుందో, రాత్రి లేచేటప్పుడు దీపం మీట ఎక్కడుందో అన్నీ చూసి, చాప తీయించారు, సోఫా బదులు చేతులున్న ఎత్తైన కుర్చీ వేయించారు. వైద్యశాలలో అన్నీ చదునుగా, సరైన ఎత్తులో ఉంటాయి. అక్కడ బాగా నడిచే మనిషి ఇంట్లో గడప దగ్గర తడబడతాడు.

నొప్పి మాత్రను వ్యాయామానికి అరగంట ముందు వేసుకునేలా వేళలు సర్దుకోవడం, అయ్యాక గుడ్డలో చుట్టిన మంచును 15–20 నిమిషాలు పెట్టుకోవడం, ఈ రెండూ లేకపోతే రోజుకు మూడు పూటలా వ్యాయామం చేయడం నా వల్ల అయ్యేది కాదు. నిజం చెప్పాలంటే వీడియోలో ఆమె ఉన్నప్పుడు చేసినంత శ్రద్ధగా యాప్ ఒక్కటే ఉన్నప్పుడు ఎవరూ చేయరు. యాప్‌లో ‘పూర్తయింది’ అన్న గుర్తును వేలితో నొక్కితే చాలు. మోకాలు వంచినా వంచకపోయినా దానికి ఒకటే. కదలికను కొలవని యాప్ అయితే ఇంట్లో ఎవరైనా పక్కన కూర్చోవాలి.

కలువ

కాగితం పరీక్ష ఈ రోజు చేయించాము. ఎడమ కాలి కింద కాగితం కదలలేదు. కుడి కాలి కింద సునాయాసంగా జారి వచ్చేసింది. మోకాలి కింద దిండు సంగతి మాకెవరూ చెప్పలేదు, ఈ పూట నుంచి తీసేశాము. చికిత్స ఏ రకమో కూడా కనుక్కున్నాను: ఫిజియోథెరపిస్టు ప్రత్యక్షంగా వీడియోలో చేయించే సెషన్లు ఉంటాయి, ఇవి కాక, వంపు కోణాన్ని యాప్ ఫోను కెమెరాతోనే కొలుస్తుందట. ఆ కొలతను ఎంతవరకు నమ్మవచ్చు?

కోణమాని

నేను వైద్యుడిని కాను. కదలికలను కొలిచే పరికరాలు తయారుచేసే పని నాది. ఫిజియోథెరపిస్టు గోనియోమీటరుతో, అంటే కోణాన్ని కొలిచే పరికరంతో, కొలిచేటప్పుడు మూడు గుర్తులు ఆధారంగా తీసుకుంటారు: తుంటి పక్కన చేతికి తగిలే ఎముక గడ్డ, మోకాలి బయటి పక్క, చీలమండ బయటి గడ్డ. పరికరం ఇరుసును మోకాలి దగ్గర పెట్టి, దానికి ఉండే రెండు పట్టీలను మిగతా రెండు గుర్తుల వైపు తిప్పి కోణం చదువుతారు. ఫోను కెమెరా కూడా ఇదే మూడు బిందువులను బొమ్మలో వెతుకుతుంది, కాని ఎముకను తాకి కాదు. ఒంటి ఆకారాన్ని బట్టి అంచనా వేస్తుంది. వదులుగా ఉన్న దుస్తులు, దుప్పటి, వెనక నుంచి పడే వెలుతురు ఆ అంచనాను పక్కకు లాగుతాయి. అన్నిటికంటే పెద్ద దోషం కెమెరా ఉన్న చోటు వల్ల వస్తుంది. ఫోను కాలికి సరిగ్గా పక్క నుంచి కాకుండా కొంచెం ముందు నుంచో, పై నుంచో చూస్తే, అసలు కోణం ఒకటైతే తెర మీద కనిపించేది ఇంకొకటి.

అందువల్ల ఫోనును చేతితో పట్టుకోకుండా మోకాలి ఎత్తులో ఏదైనా ఆధారానికి ఆనించి, శస్త్రచికిత్స అయిన కాలు కెమెరా వైపు ఉండేలా, తుంటి నుంచి మడమ వరకు మొత్తం తెరలో పట్టేంత దూరంలో పెట్టండి. దుస్తులు తొడ మధ్య వరకు పైకి మడవండి. పైన చెప్పిన మూడు చోట్లా చిన్న రంగు స్టిక్కర్లు అంటిస్తే ఫిజియోథెరపిస్టుకు కూడా తెర మీద కొలవడం తేలిక. ప్రతిసారీ అదే కుర్చీ, అదే చోటు, రోజులో అదే వేళ. అలా చేసినప్పుడు ఒక్కొక్క కొలతలో కొన్ని డిగ్రీల తేడా ఉన్నా, వారానికి వారం అది పెరుగుతోందా ఆగిపోయిందా అన్నది బాగానే తెలుస్తుంది. కాలు చాపినప్పుడు చివరి ఐదు డిగ్రీల విషయంలో మాత్రం ఫోను కెమెరాను నేను నమ్మను. అక్కడ చలనం గారి కాగితమే మేలు.

తొడకు, పిక్కకు కట్టుకునే సెన్సర్లు వేరే రకం. అవి తమ కదలికను తామే కొలుస్తాయి కనుక వెలుతురుతో పని లేదు. కాని పట్టీ జారితే లెక్క తప్పుతుంది. కృత్రిమ కీలులోనే సెన్సరు అమర్చినవి కూడా వచ్చాయి: జిమ్మర్ బయోమెట్ సంస్థ ‘పర్సోనా ఐక్యూ’కు అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2021లో అనుమతి ఇచ్చింది. అడుగుల సంఖ్య, నడక వేగం, అడుగు పొడవు, మోకాలి కదలిక వంటివి అది లోపలి నుంచే నమోదు చేస్తుంది. గాయం ఎలా ఉందో, పిక్కలో నొప్పి ఉందో అది చెప్పదు.

రాత్రిపాళీ

ఎముకల శస్త్రచికిత్స వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. కోణమాని గారి చివరి వాక్యం నుంచే అందుకుంటాను, ఎందుకంటే మాకు అర్ధరాత్రి వచ్చే ఫోన్లన్నీ దాని గురించే.

వీడియో సెషను రేపుంది కదా, అప్పుడు అడుగుదాం అని ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే అది కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరిన సూచన కావచ్చు. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లాలి. పిక్కలో కొత్తగా మొదలైన నొప్పి, ఒక్క కాలికే పెరుగుతున్న వాపు, ఎరుపు ఉంటే ఆ రోజే వైద్యులకు తెలియజేయాలి. పిక్కను పిసికి చూడటం, నూనె రాసి మర్దన చేయడం ఆ స్థితిలో చేయకూడదు. గాయం నుంచి చీము గాని, ఆగకుండా నీరు గాని కారడం, రోజురోజుకూ పాకుతున్న ఎరుపు, చలితో కూడిన జ్వరం ఉన్నా అదే రోజు చూపించాలి. పాదాన్ని పైకి ఎత్తలేకపోవడం కూడా చెప్పవలసినదే. మోకాలి పక్కగా వెళ్లే నరం దెబ్బతిన్నదేమో చూడాలి. రక్తం పలచబడే మందును వైద్యులు చెప్పినన్ని రోజులూ మానకుండా వేసుకోవాలి, ఎందుకంటే ఇంట్లో బాగా నడుస్తున్నారని ముందే ఆపేసేవారు చాలామంది.

కంగారు పడనవసరం లేనివీ చెప్పాలి. మోకాలు వెచ్చగా ఉండటం, సాయంత్రానికి వాపు పెరగడం నెలల పాటు ఉండవచ్చు. మచ్చకు బయటి పక్కన చర్మం మొద్దుబారుతుంది. కోత వేసే చోట చిన్న నరం తెగడం వల్ల అలా అవుతుంది, కొంత శాశ్వతంగా మిగిలిపోవచ్చు. కాలు కదిలిస్తే టిక్కుమనే చప్పుడు లోహమూ ప్లాస్టిక్కూ తాకడం వల్ల వచ్చేదే.

గాయం ఫొటో పంపేటప్పుడు పగటి వెలుతురులో, పక్కన కొలత టేపు పెట్టి, ప్రతిసారీ ఒకే దూరం నుంచి తీయండి. రాత్రి పసుపు దీపం కింద తీసిన ఫొటోలో అన్ని గాయాలూ ఎర్రగానే ఉంటాయి.

సందేహి

ఇంతవరకు వచ్చిన జవాబుల్లో నాకు ఒక లోటు కనిపిస్తోంది. పైన నేను చెప్పిన ప్రయోగాల్లో చేరినవారు స్వయంగా ఒప్పుకొని చేరినవారు, పెద్దగా ఇతర సమస్యలు లేనివారు. అటువంటివారు ఏ పద్ధతిలోనైనా బాగానే కోలుకుంటారేమోనని నా అనుమానం. దీనికి బలం చేకూర్చే ప్రయోగం ఆస్ట్రేలియాలోనే ఇంకొకటి ఉంది, 2017లో ప్రచురితమైంది. 165 మందిలో కొందరిని పది రోజులు పునరావాస కేంద్రంలో ఉంచి ఆ తర్వాత ఇంటి వ్యాయామాలు ఇచ్చారు, మరికొందరికి నేరుగా ఇంటి వ్యాయామాలే ఇచ్చారు. 26 వారాలకు ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే సాధారణంగా కోలుకునే రోగికి ఎక్కడ చేశారు అన్నది అంత ముఖ్యం కాదేమో. అసాధారణ రోగి సంగతేమిటి? ఎవరికి వీడియో పనికిరాదో చలనం గారు నిర్మొహమాటంగా చెబితే బాగుంటుంది.

చలనం

సందేహి గారి అనుమానంతో నాకు పేచీ లేదు. సగటు మనిషికి సరిపోయే చికిత్స, ఆ సగటుకు చాలా దూరంగా ఉన్న మనిషికి ప్రమాదం కావచ్చు.

నేను వీడియోకు ఒప్పుకోనివారు కొందరున్నారు. ఇటీవల పడిపోయినవారు, నిలబడితే తల తిరిగేవారు, మతిమరుపు వల్ల చెప్పిన వరుసను పాటించలేనివారు, వినికిడి బాగా తగ్గి ఇంట్లో సాయానికి మనిషి లేనివారు, రెండు మోకాళ్లూ ఒకేసారి మార్పించుకొని ఇంకా ఇద్దరి ఆసరాతో లేస్తున్నవారు. శస్త్రచికిత్సకు ముందే మోకాలు బాగా బిగుసుకుపోయి ఉన్నవారిని కూడా నేరుగానే చూస్తాను, ఎందుకంటే ముందున్న వంపే తర్వాతి వంపును చాలావరకు నిర్ణయిస్తుంది, వారికి చేతితో చేయవలసిన పని ఎక్కువ ఉంటుంది. వయసును మాత్రం అడ్డుగా చూడను. ఎనభై దాటినవారు మనవరాలి చేత ఫోను పట్టించుకొని చక్కగా చేసిన సందర్భాలు నాకు తెలుసు.

ఒప్పుకున్న తర్వాత కూడా నిలబడి చేసే వ్యాయామాలకు ఒక షరతు పెడతాను. వెనక గోడ, ముందు కదలని బల్ల లేదా వంటగట్టు, పక్కన ఒక మనిషి ఉండాలి. చక్రాల కుర్చీని, తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీని ఆసరాగా పట్టుకోనివ్వను. ఆ పక్కనున్న మనిషి ఫోను వైపు చూడకూడదు, రోగి వైపు చూడాలి. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ చెప్పవలసి వస్తుంది.

కలువ

కుట్లు తీశారు, అదే రోజు ఫిజియోథెరపిస్టు చేతితో పరీక్షించారు. కాగితం ఇప్పుడు లాగితే ఆగుతోంది, పూర్తిగా పట్టడం లేదు. వంపు దగ్గర చిక్కు వచ్చింది. నిన్న యాప్ 92 చూపింది, ఆమె గోనియోమీటరుతో కొలిస్తే 84 వచ్చింది. అమ్మ 90 దాటిందని సంతోషించి, ఇప్పుడు డీలా పడ్డారు. తెలిసినవారొకరు, కాలును దానంతటదే వంచి చాపే యంత్రాన్ని అద్దెకు తెచ్చుకోమంటున్నారు. 90 రాకపోతే మత్తు ఇచ్చి బలవంతంగా వంచుతారని కూడా ఎవరో అన్నారు. అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు.

కోణమాని

ఎనిమిది డిగ్రీల తేడాకు ఫోను ఉన్న చోటు ఒక్కటే కారణం కావచ్చు. అంతకంటే తరచుగా జరిగేది మరొకటి ఉంది: కూర్చొని కాలు వెనక్కి లాగేటప్పుడు నొప్పికి ఓర్చుకోలేక తుంటిని ఒక పక్క పైకి ఎత్తేస్తారు. అప్పుడు తొడ ఉన్న దిశే మారిపోయి కొలత తప్పుతుంది. తుంటి కూడా తెరలో కనిపించేలా పెట్టి మళ్లీ తీయండి. యాప్ అంకెను అమ్మగారికి ప్రతిరోజూ చెప్పకండి, వారానికొకసారి చాలు.

చలనం

అమ్మగారిని ముందు నిద్రపోమనండి. కుట్లు తీసే నాటికి 84 అన్నది భయపడవలసిన అంకె కాదు. మత్తులో వంచడమనే పద్ధతి ఉన్నమాట నిజమే. కాని ఆరు వారాలు దాటాక కూడా వంపు 90కి చేరక, వ్యాయామంతో ముందుకు కదలకుండా ఆగిపోయినప్పుడు శస్త్రచికిత్స నిపుణులు దాని గురించి ఆలోచిస్తారు. మూడు నెలలు దాటాక చేస్తే ఫలితం తగ్గుతుంది కనుకనే ఆ నడుమ కాలంలో కొలతలు తప్పకుండా రాసుకోవాలి. నేను చూసేది ఒక రోజు అంకెను కాదు, రెండు వారాల పాటు అంకె ఉన్నచోటే నిలిచిందా అన్నదాన్ని. నిలిస్తే వీడియో ఆపి నేరుగా రమ్మంటాను. ఇది మీ ఫిజియోథెరపిస్టుతో ముందే మాట్లాడుకోండి: ఏ వారానికి ఎంత రాకపోతే నేరుగా చూస్తారో ఆమె చేత ఇప్పుడే చెప్పించుకోండి. దూరచికిత్సలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట ముందుగా తేల్చుకోకపోవడం వల్ల జరిగినవే. తెర మీద అందరూ మర్యాదగా ‘బాగానే ఉంది’ అనుకుంటూ వారాలు గడిపేస్తారు.

యంత్రం అద్దెకు అక్కర్లేదు. వైద్య ప్రయోగాలను కలిపి సమీక్షించే కోక్రేన్ సంస్థ దాని మీద జరిగిన ప్రయోగాలను 2014లో కలిపి చూస్తే, వంపులో వచ్చిన లాభం సుమారు రెండు డిగ్రీలే. ఆ డబ్బుతో రెండుమూడు సార్లు ఫిజియోథెరపిస్టును ఇంటికి రప్పించుకోవచ్చు. వంపు కోసం ఇంట్లో చేయవలసినది చెబుతాను. గట్టి కుర్చీలో కూర్చొని, పాదం నేల మీద ఉంచి వీలైనంత వెనక్కి జరపాలి. తర్వాత పాదాన్ని కదలకుండా నేలకు అదిమి పెట్టి, పిరుదులను కుర్చీ అంచు వైపు ముందుకు జరపాలి. అక్కడ కొన్ని క్షణాలు ఆగి వెనక్కి రావాలి. ఇందులో ఎంత వంచాలన్నది రోగి చేతిలోనే ఉంటుంది కనుక, మరొకరు పట్టి వంచినప్పుడు కలిగే భయం ఉండదు, భయం లేకపోతే కండరం ఎదురు తిరగదు. చేశాక కలిగే నొప్పి, వాపు మర్నాటి ఉదయానికి తగ్గిపోతే మోతాదు సరిపోయినట్టు. తగ్గకపోతే మర్నాడు సగం చేయించండి, మానేయవద్దు.

ఒకటోమెట్టు

రాత్రి నిద్ర పట్టకపోవడం అంకె వల్లనే కాకపోవచ్చని అమ్మగారికి చెప్పండి. ఈ శస్త్రచికిత్స తర్వాత మొదటి వారాల్లో నిద్ర చెడటం చాలామందికి జరుగుతుంది. నాకు వ్యాయామాన్ని సాయంత్రం పొద్దుపోయాక చేయకుండా పగటి పూటకు జరపడం, పడుకునే ముందు కాలిని కాసేపు ఎత్తు మీద పెట్టుకోవడం పనికి వచ్చాయి.

మెట్ల దగ్గరకు వచ్చినప్పుడు గుర్తుంచుకోవలసిన వరుస: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు మార్పించుకున్న కాలు ముందు. వాకర్ వదిలి చేతికర్రకు మారినప్పుడు కర్రను రెండో వైపు చేతిలో పట్టుకోవాలి. అమ్మగారికి కుడి మోకాలు కనుక కర్ర ఎడమ చేతిలో ఉండాలి. నొప్పి ఉన్న వైపే పట్టుకోవాలని మనసు చెబుతుంది, వినకండి.

రాత్రిపాళీ

అమ్మగారు నిద్ర మాత్ర అడిగితే, ఇప్పటికే వేసుకుంటున్న నొప్పి మందుల పేర్లన్నీ వైద్యులకు చెప్పి అడగండి. బలమైన నొప్పి మందుల మీద నిద్ర మాత్ర వేసుకొని రాత్రి స్నానాలగదికి లేచినప్పుడు పడిపోయినవారిని చూస్తుంటాము. ఆ మందులకు మలబద్ధకం కూడా సాధారణం. అది ఎవరూ వీడియోలో చెప్పుకోరు, మీరే అడగండి.

కలువ

ఫిజియోథెరపిస్టుతో మాట్లాడాను. ఆరో వారానికి వంపు 90కి చేరకపోయినా, చాపు ఐదు డిగ్రీల లోపలికి రాకపోయినా వీడియో ఆపి వారానికి రెండుసార్లు నేరుగా చూస్తానన్నారు, రాసి కూడా ఇచ్చారు. ఈ వారం తుంటి కదలకుండా ఫోను సరిగ్గా పెట్టి తీస్తే యాప్ 88 చూపింది, అదే వీడియో మీద ఆమె కొలిస్తే 87 వచ్చింది. కుర్చీ అంచుకు జరిగే వ్యాయామాన్ని అమ్మ తనంతట తానే రోజూ చేస్తున్నారు. చివరిగా ఒక్క ప్రశ్న: అంతా సవ్యంగా సాగితే ఈ సెషన్లు ఎప్పుడు ఆపవచ్చు?

చలనం

వారాల లెక్కతో ఆపవద్దు, పనులతో ఆపండి. ఇంట్లోనే చేయగల రెండు పరీక్షలున్నాయి, రెండింటికీ పక్కన మనిషి ఉండాలి. మొదటిది: చేతులున్న కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. రెండోది: చేతులు ఛాతీ మీద కట్టుకొని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టడం. రెండోదాన్ని ఎదురుగా నుంచి వీడియో తీయండి, ఎందుకంటే అప్పుడు బరువంతా ఎడమ కాలి మీదకే తోసి లేస్తున్నారా అన్నది కనిపిస్తుంది. మూడు నెలల దగ్గర కూడా చాలామంది అలాగే లేస్తారు, నొప్పి లేదు కనుక తమకు తెలియదు. అది సరయ్యేవరకు, అంటే కుడి కాలి తొడ బలం రెండో కాలికి దగ్గరగా వచ్చేవరకు, వారానికొక సెషనైనా ఉంచుకోండి. ఆ తర్వాత నెలకొకసారి ఈ రెండు పరీక్షల వీడియోలు పంపితే చాలు. కండరం బలపడటం ఏడాది వరకు సాగుతుంది కనుక వ్యాయామం మాత్రం అంతవరకు ఆపకూడదు.